మామయ్యగారి జీపు: ఏది మార్చాలి, ఏది ఉంచాలి

మా పెరట్లో రేకుల షెడ్డు కింద తొమ్మిదేళ్లపాటు ఒక జీపు టార్పాలిన్ కప్పుకుని ఉండిపోయింది. మామయ్యగారు 1992లో కొన్న మహీంద్రా ఎమ్.ఎమ్. 540 అది. ఆయన పోయాక ఎవరూ బయటికి తీయలేదు. దాని మీదికి ఊక బస్తాలు, పాత మంచం పట్టెలు, పిల్లల చిన్న సైకిలు చేరాయి. ఏటా ఒక పిల్లి వెనక బల్ల కింద ఈనేది. కిందటేడు పాత ఇనుము కొనే ఆయన వచ్చి, చుట్టూ తిరిగి చూసి, 35 వేలు ఇస్తానన్నాడు. నాకు మంచి బేరమే అనిపించింది. మావారు మాత్రం "అమ్మేది లేదు, ఇంట్లోనే బాగుచేసుకుందాం" అన్నారు.

నిజం చెప్పాలంటే నాకు ఒళ్లు మండింది. ఒకపక్క పాప కాలేజీ ఫీజు, ఇంకోపక్క వానొస్తే కారే పైగది స్లాబు. ఈ మధ్యలో పాత జీపుకి డబ్బు పొయ్యడమేమిటి? అత్తయ్యగారు మాత్రం ఒకటే మాట అన్నారు: "చేస్తే చెయ్యండి గానీ, వెనక బల్లలు తీసెయ్యకండి." ఆ బల్లల సంగతేమిటో అప్పుడు నాకు తెలియదు.

డబ్బు పెట్టేముందు ఆ బండి కథ ఏమిటో తెలుసుకుందామని మొదలుపెట్టాను. తీరా చూస్తే అది మా ఇంటి కథతో ఆగలేదు.

జీపు పుట్టింది యుద్ధం కోసం. 1940లో అమెరికా సైన్యం తేలికగా ఉండి, ఎక్కడైనా నడిచే చిన్న బండి కావాలని 135 కంపెనీలకు కబురు పంపింది. గడువు 49 రోజులే. ఆ గడువులో నమూనా బండి తెచ్చి నిలబెట్టింది బాంటమ్ అనే చిన్న కంపెనీ. దాన్ని గీసింది కార్ల్ ప్రాబ్‌స్ట్ అనే ఇంజనీరు. కానీ పెద్ద ఆర్డర్లు మాత్రం విల్లీస్‌కీ ఫోర్డ్‌కీ వెళ్లాయి. యుద్ధం అయ్యేలోపు ఆ రెండూ కలిపి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. జీపు అన్న పేరు ఎలా వచ్చిందో తలా ఒక కథ చెబుతారు. పొపాయ్ బొమ్మల కథల్లో ఎక్కడికైనా పోగల 'యూజీన్ ద జీప్' అనే వింత జంతువు 1936 నుంచే ఉంది, సైనికులు ఆ పేరే పెట్టారన్నది వాటిలో ఒకటి. మా అబ్బాయికి ఈ కథే నచ్చింది.

మన దేశంలో జీపు కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. యుద్ధకాలంలో కె.సి. మహీంద్రా అమెరికాలో భారత సరఫరాల కార్యాలయానికి పెద్దగా పనిచేశారు. జీపు పరిచయమైంది అక్కడే. 1945లో ఆయన, అన్నగారు జె.సి. మహీంద్రా, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి కంపెనీ పెట్టారు. పేరు 'మహీంద్రా అండ్ మహమ్మద్'. రెండేళ్లకే దేశం రెండుగా విడిపోయింది. గులాం మహమ్మద్ పాకిస్తాన్‌కు మొదటి ఆర్థికమంత్రిగా వెళ్లిపోయారు. 1948లో కంపెనీ పేరు 'మహీంద్రా అండ్ మహీంద్రా' అయింది. అమెరికా నుంచి వచ్చిన విడిభాగాలను ఇక్కడ బిగించి విల్లీస్ జీపులు అమ్మడం 1947లోనే మొదలైంది. ఉమ్మడి కుటుంబాలు విడిపోవడం చూసినవాళ్లం కదా, ఈ కథ చదివినప్పుడు ఆ పేరులో సగం చెరిగిపోవడం దగ్గరే నా మనసు ఆగింది.

ఇక మన కృష్ణా డెల్టాకి వద్దాం. బెజవాడ దగ్గర కృష్ణకి ఆనకట్ట 1855లో పూర్తయింది. అక్కణ్ణుంచి కాలువలు పారి, ఊళ్లన్నీ నీళ్ల వెంబడే పెరిగాయి. చాలాకాలం ధాన్యమైనా మనుషులైనా పడవల మీదే వెళ్లేవారు. అందుకే నీటిదారి బాగున్న మన పల్లెల్లో నేలదారి గురించి పట్టించుకున్నది తక్కువ. పొలాల్లోకి వెళ్లేవి డొంకలు, కాలువ గట్లు. అదీ నల్లరేగడి. ఎండాకాలం పగుళ్లిచ్చి రాయిలా ఉంటుంది. ఒక్క వాన పడితే చెప్పు పట్టుకుని వదలదు.

అలాంటి చోట జీపు ఎందుకు పనికొచ్చిందో మావారు నాకు చెప్పిన తీరులోనే చెబుతాను. ఆ రోజుల్లో కార్లూ లారీలూ ఎక్కువగా వెనక చక్రాల బలంతోనే కదిలేవి. ఆ చక్రం బురదలో తిరుగుతూ ఉండిపోతే బండి అక్కడే. జీపులో గేరు పక్కన ఇంకో చిన్న లివరు ఉంటుంది. అది వేస్తే ముందు చక్రాలకు కూడా బలం వెళుతుంది. వెనక నుంచి తోసేవాళ్లతో పాటు ముందు నుంచి లాగేవాళ్లు కూడా దొరికినట్టు. ఇంకా కిందికి వేస్తే బండి నత్తలా నడుస్తుంది, లాగే బలం మాత్రం పెరుగుతుంది.

కానీ మొదట్లో పల్లెకు వచ్చిన జీపు మనది కాదు, సర్కారుది. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసు జీపులు ఊళ్లలోకి రావడం మొదలుపెట్టాయి. కొత్త విత్తనం కబురు దానిలోనే వచ్చింది, అప్పు వసూలు కూడా దానిలోనే వచ్చింది. టీకాలు వేసేవాళ్లూ, ఎర్ర త్రికోణం గుర్తుతో కుటుంబ నియంత్రణవాళ్లూ అదే బండిలో దిగారు. 1975-77 ఎమర్జెన్సీ రోజుల్లో దేశంలో చాలాచోట్ల జీపు చప్పుడు వినగానే మగవాళ్లు పొలాల్లోకి పారిపోయేవారని పెద్దవాళ్లు చెబుతారు. జీపును తలుచుకుంటే అందరికీ ఒకే జ్ఞాపకం రాదు.

అత్తయ్యగారి జ్ఞాపకం వేరు. ఆవిడ పుట్టిల్లు అవనిగడ్డ వైపు. 1977 నవంబరు 19 ఉప్పెన నాటికి ఆవిడకు పెళ్లి కాలేదు. దివిసీమను ముంచిన ఆ ఉప్పెనలో లెక్కకు ఎక్కినవారే సుమారు 10 వేలమంది పోయారు. రోడ్లు తెగిపోయాయి, ఎక్కడికక్కడ చెట్లు అడ్డం పడ్డాయి. ఎక్కడ రోడ్డో ఎక్కడ కాలువో తెలియని నీళ్లలోంచి వాళ్ల ఊరికి మొదట వచ్చింది ఒక జీపు. బియ్యం, పాత బట్టలు, ఒక డాక్టరు. "ఆ చప్పుడు వినబడితే ఇంక బతుకుతాం అనిపించింది" అంటారు ఆవిడ. మామయ్యగారు జీపు కొంటానంటే గాజులు తీసి ఇచ్చింది ఆవిడేనని ఈమధ్యే తెలిసింది నాకు.

ఆ బల్లల సంగతి కూడా అప్పుడే చెప్పారు. మన రాష్ట్రంలో 108 అంబులెన్సు వచ్చింది 2005 ఆగస్టు 15న. అంతకుముందు రాత్రివేళ నొప్పులొస్తే పల్లెలో ఏం చేసేవారు? ట్రాక్టరో, ఎడ్లబండో, లేదా జీపున్న ఇంటి తలుపు తట్టడమో. మా జీపు వెనక బల్లల మధ్య పరుపు పరిచి ఎంతమందిని ఉయ్యూరుకీ బెజవాడకీ తీసుకెళ్లారో లెక్క లేదట. ఒకమ్మాయికి కాలువ గట్టు మీదే కాన్పు అయిపోయింది. అత్తయ్యగారే పట్టుకున్నారట. ఆ పుట్టిన బిడ్డ ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. సంక్రాంతికి వచ్చినప్పుడు షెడ్డులోకి తొంగిచూసి వెళుతుంది.

ఇది విన్నాక అమ్మేద్దాం అన్న మాట నేను ఎత్తలేదు. కానీ గొడవ అంతటితో అవలేదు, ఇంకోచోట మొదలైంది. ఎలా బాగుచెయ్యాలి? ఉన్నది ఉన్నట్టుగానా, కొత్త హంగులతోనా?

మావారి కోరికల పట్టీ పొడుగ్గా ఉంది: పెద్ద ఇంజను, పవర్ స్టీరింగు, వెడల్పు టైర్లు, వెనక బల్లలు తీసి ముందుకు తిరిగిన సీట్లు. నేను కాదంటే ఆయన చరిత్రే ఎదురుచెప్పారు. జీపు ఎప్పుడు ఒకేలా ఉందని? అమెరికాలో సీజే-3బీ మోడల్‌కు బోనెట్టు ఎత్తు పెంచిందే ఎత్తయిన కొత్త ఇంజను పట్టడం కోసం. మన దగ్గర 1973లో చమురు ధరలు మండిపోయాక పెట్రోలు జీపును పోషించడం కష్టమైంది. చాలామంది పెట్రోలు ఇంజను దింపి డీజిలు ఇంజను ఎక్కించుకున్నారు. 1980ల్లో మహీంద్రావాళ్లే ఫ్రాన్సు కంపెనీ పూజో డీజిలు ఇంజనును జీపులో పెట్టారు. మాదీ ఆ ఇంజనే, 2112 సీసీ. అంటే మా జీపు ఒళ్లు అమెరికాది, గుండె ఫ్రాన్సుది, ఊపిరి మన నల్లరేగడిది. ఎన్టీఆర్ గారి చైతన్యరథం మాత్రం ఏమిటి? నిమ్మకూరులో పుట్టిన ఆయన 1982లో పార్టీ పెట్టి ఊరూరా తిరిగింది పాత షెవర్లే వ్యాను మీదే. దాన్ని సభలకు అనువుగా మార్పించుకున్నారు, కొడుకు హరికృష్ణ నడిపారు. మార్చుకోవడం మన అలవాటే అన్నది మావారి వాదన.

అలవాటు ఉండబట్టే బెజవాడలో ఆటోనగర్ ఉంది. మద్రాసు-కలకత్తా రోడ్డూ, హైదరాబాదు-బందరు రోడ్డూ కలిసే ఊరు మనది. లారీలన్నీ ఇక్కడ ఆగాల్సిందే, ఆగినవాటికి రిపేర్లు తప్పవు. ఆ షెడ్లన్నీ ఒకచోట చేరి 1960ల్లో జవహర్ ఆటోనగర్ అయింది. నేను మొదటిసారి వెళ్లినప్పుడు నాకు మా వంటింటి డబ్బాల వరస గుర్తొచ్చింది, దేనికదే. ఒకరు కమాను పట్టీలు మాత్రమే చేస్తారు. ఒకరు రేడియేటరు మాత్రమే అతుకుతారు. ఒకరు డీజిలు పంపు ముందు పొద్దంతా కూర్చుంటారు. టింకరింగ్ మేస్త్రి వేరు, రంగు వేసేవాళ్లు వేరు, సీట్లు కుట్టేవాళ్లు వేరు. మేము ఇంటి దగ్గర విప్పి, తుడిచి, భాగాలు సంచుల్లో వేసి పేర్లు రాసి, ఒక్కొక్కటీ బందరు రోడ్డు మీదుగా తీసుకెళ్లి చేయించి తెచ్చేవాళ్లం. ఏ బోల్టు ఎక్కడిదో రాసే నోటుపుస్తకం నాది. పాలపద్దు రాసే చెయ్యే కదా.

దెబ్బ కూడా తగిలింది. ఒకచోట కింద రేకు తుప్పంతా గీకామని చెప్పి, పైన పుట్టీ రాసి రంగు కొట్టేశారు. నెలలో పొక్కులు లేచాయి. మళ్లీ అంతా గీకి, తుప్పు పట్టినంత మేర రేకు కోసేసి, కొత్త రేకు వెల్డింగు పెట్టించాల్సి వచ్చింది. 18 వేలు వృథా. తడిగోడకి సున్నం కొడితే ఏమవుతుందో మనకి తెలియనిదా!

చివరికి మా తగవు తీర్చింది కొంత చట్టం, కొంత బుద్ధి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్.సి.లో రాసినదానికి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది. ఇంజను మార్చాలంటే అనుమతి కావాలి. వేరే కంపెనీ పెద్ద ఇంజను ఎక్కించేసి ఊరుకుంటే రేపు ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సువాళ్లు చేతులెత్తేసే వీలుంది. ఇంకో సంగతి. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటి, అసలు రూపంలోనే ఉన్న బండికి వింటేజ్ గుర్తింపు ఇస్తారు. కానీ దాన్ని రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, ప్రదర్శనల్లాంటివాటికే. అంటే అంతా పాతగా ఉంచితే బండి బొమ్మవుతుంది, అంతా మార్చేస్తే అది మామయ్యగారి బండి కాకుండా పోతుంది.

అప్పుడు నేనొక గీత గీశాను. మనిషి ప్రాణాన్ని కాపాడేదేదైనా కొత్తది వెయ్యాలి, అందులో బేరం లేదు. గొప్పకోసం అయితే వద్దు. మనిషిని గుర్తుచేసేది ఉంచాలి. బ్రేకులు మొత్తం విప్పించి లైనింగులు, గొట్టాలు, సిలిండర్లు కొత్తవి వేయించాం. దీపాలు, వైరింగు కొత్తవి. 1994కి ముందు బండి కాబట్టి సీటు బెల్టులు లేవు, ముందు రెండు సీట్లకీ పెట్టించాం. పాత ఇంజనుకే బోరు చేయించి, పిస్టన్లు, రింగులు వేయించాం. వెడల్పు టైర్లు లేవు, పెద్ద ఇంజను లేదు. బల్లలు ఉన్నాయి, కొత్త రెగ్జిన్ కుట్టించుకుని. కానీ బెల్టు లేని బల్ల మీద పిల్లలు హైవే ఎక్కకూడదు. బల్లల మీద కూర్చోవడం పొలం దాకానే, అదీ నెమ్మదిగా. మొత్తం ఖర్చు 2 లక్షల 60 వేలు దాటింది. స్లాబు వచ్చే ఏడాదికి వాయిదా పడింది. ఫీజు మాత్రం ముందే కట్టేశాం, ఆ షరతు మీదే నేను ఒప్పుకున్నాను.

ఫిట్‌నెస్ చూపించి, రెన్యువల్ చేయించి తెచ్చిన రోజు సాయంత్రం అత్తయ్యగారిని ఎక్కించాం. ముందు సీట్లో కూర్చోమంటే వినలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వెనక్కే ఎక్కి, బల్ల మీద చెయ్యి వేసి కూర్చున్నారు. వాన పడి డొంక బురదగా ఉంది. మావారు చిన్న లివరు వేశారు. చెరకు తోట మలుపు దాకా వెళ్లి వచ్చాం. దిగాక ఆవిడ అన్నది ఒక్కటే: "చప్పుడు మారలేదే!"

మీ ఇళ్లలోనూ ఏదో ఒకటి టార్పాలిన్ కింద ఉండే ఉంటుంది. కుట్టుమిషనో, రుబ్బురోలో, పాత స్కూటరో. ఇనుము లెక్కన తూకం వేసేముందు ఇంట్లో పెద్దవాళ్లని ఒక్క మాట అడగండి. వాళ్లు చెప్పాక కూడా అమ్మాలనిపిస్తే అమ్మేయండి, తప్పేం లేదు.