చేతి స్పర్శ, ధ్వని స్పర్శ

పండు పక్వమైనదో కాదో తెలియుటకు మనము నొక్కి చూతుము. వైద్యుని స్పర్శపరీక్షయు నిట్టిదే. రోగమును పంచేంద్రియములచేతను, ప్రశ్నచేతను ఎఱుంగవలెనని సుశ్రుతుడు చెప్పెను. అందు మృదుత్వ కఠినత్వములు స్పర్శకు జెందినవి. 1761లో వియన్నా నగరవైద్యుడు ఔయెన్‌బ్రుగ్గర్ రోగి రొమ్మును వ్రేళ్లతో తట్టి, ఆ ధ్వనినిబట్టి లోని వ్యాధిని గుర్తించు విధమును ప్రకటించెను. ఐనను లోతుననున్న యవయవపు గట్టిదనమును కొలుచు సాధనము చిరకాలము లేదు.

1996లో మా యన్నగారి కాలేయము గట్టిపడినదని వైద్యుడు చేతితో నొక్కి చెప్పెను. అప్పటికే కడుపున నీరు చేరియుండెను. తప్పు వైద్యునిది కాదు. కాలేయము నొప్పి తెలుపకయే యేండ్ల తరబడి గట్టిపడును. చేతికి దెలియునప్పటికి కాలము మించును. సూదితో కాలేయపు తునకను దీసి పరీక్షించుట కలదుగాని, దానికి పలువురు జంకెడివారు.

అంతకు ముందే, 1991లో, అమెరికాలోని హ్యూస్టన్ నగరమున ఓఫిర్ మొదలగువారు ఒక నూతనమార్గమును ప్రకటించిరి. శరీరభాగమును కొంచెము నొక్కినచో మెత్తనిచోటు ఎక్కువగాను, గట్టిచోటు తక్కువగాను అణగును. నొక్కుటకు ముందును పిమ్మటను వచ్చు అల్ట్రాసౌండు ప్రతిధ్వనులను పోల్చి, ఆ భేదమును చిత్రముగా జూపిరి. ఈ విద్యకు ఎలాస్టోగ్రఫీ యని పేరు.

2003లో ఫ్రాన్సు దేశపు సాండ్రిన్ మొదలగువారు కాలేయమునకు దగిన పద్ధతిని వెలువరించిరి. ప్రక్కటెముకల నడుమ నానించిన పరికరము చర్మమును మెల్లగా దట్టును. ఆ తాకుడు అలయై లోనికి బోవును. అల్ట్రాసౌండు దాని వేగమును గనిపెట్టును. బిగించిన త్రాటిపై అల త్వరగా బరుగిడును గదా! అటులే గట్టి కాలేయమున అల వేగము హెచ్చు. వేగము రెట్టింపైనచో గట్టిదనము నాలుగింతలు. ఈ కొలతను కిలోపాస్కలులలో జెప్పుదురు. కోతలేదు, సూదిలేదు. హెపటైటిస్ సి వ్యాధి చికిత్సచే గుదిరినపిదప పలువురి యంకె క్రమముగా దిగుచుండును. కావున మందు పనిచేయుటయు నిందువలన గొంత తెలియును.

ఐనను అంకెయే సర్వము కాదు. భోజనముచేసిన వెంటనే గొలిచినను, కాలేయము వాచియున్నను అది హెచ్చుగా గనబడును. అందుచే కొన్ని గంటలు ఉపవాసముండి పోవలెను. ఫలితమును వైద్యుని వివేకముతో జోడింపవలెను.

మద్యపానము, మధుమేహము, హెపటైటిస్ బి లేక సి గలవారు నొప్పికై వేచియుండక వైద్యుని ముందుగనే యడుగుడు. మా యన్నగారికి దక్కని యవకాశము మీకు గలదు.