లాంతరు చేపల యీడు

జగిత్యాల సీమలో ముత్యంపేట చెరకుతోటలపై గురిసిన వాన వాగుల వెంట గోదావరిని జేరి, ధర్మపురి దాటి, తుదకు బంగాళాఖాతమున గలియును. ఉప్పునీటికంటె తేలికయైన ఆ నదీజలము, గంగా బ్రహ్మపుత్రల ప్రవాహముతో గూడి, కడలిపై నొక పొరగా బరచుకొని, లోతులందలి పోషకలవణములను ఎండ సోకు పైనీటికి సులభముగా రానీయదు. నేను చెప్పబోవు చిన్నచేప బ్రతుకును శాసించు కారణములలో నిదియొకటి గనుక, సముద్రమునకు దూరమైన ఈ సీమవారికిని దాని చరిత్ర పరాయిది కాదు.

1881లో బొంబాయి నౌకాశాలయందు నిర్మితమైన 'ఇన్వెస్టిగేటర్' అను ఆవిరియోడ, హిందూదేశపు తీరములను గొలిచి పటములు వ్రాయుటకై పుట్టినది. కాని 1888లో దానికి వైద్యుడుగను ప్రకృతిశాస్త్రజ్ఞుడుగను వచ్చిన ఆల్కాక్, కొలతపని నడుమ దొరకిన అవకాశములందు లోతునీట వలలు దింపించి, అంతవరకు నెవ్వరును జూడని జీవరాశిని వెలికి దీసెను. అందొకటి, బంగాళాఖాతమున దొరకి 1890లో ఆయన వర్ణించిన లాంతరు చేప. నేటి శాస్త్రనామము బెంతోసీమా టెరోటమ్. చిటికెనవ్రేలంత దేహము, పొట్టక్రింద వరుసగా వెలుగు జిమ్ము చుక్కలు. పగలు వందల మీటర్ల లోతున దాగి, రేయి ఆహారమునకై పైకి వచ్చును.

ఆల్కాక్ దాని పొడవు కొలువగలిగెను గాని, దాని వయస్సు చెప్పగల సాధనము ఆయనవద్ద లేదు. 1899లో జర్మనీయుడు రైబిష్, ప్లేస్ అను చేప చెవిలోని సున్నపురాతిపై ఏటేట నొక వలయ మేర్పడుటను గుర్తించెను. అయినను గట్టి శీతకాలమే లేని మన సముద్రములలో ఆ వార్షికరేఖలు స్పష్టముగా దొరకవు. 1971లో పన్నెల్లా ఆ రాతియందే దినమున కొక్కటిగా నేర్పడు సూక్ష్మరేఖలను జూపిన పిమ్మటనే ఉష్ణమండలపు చేపల యీడును రోజులలో లెక్కించుట సాధ్యమైనది. నా దృష్టిలో ఈ చరిత్రయంతటికిని ఇదియే కీలకఘట్టము.

1975 మొదలు 'డాక్టర్ ఫ్రిట్యోఫ్ నాన్సెన్' అను నార్వే పరిశోధననౌక అరేబియా సముద్రమున దిరిగెను. అచ్చటి టెరోటమ్ చేప కొన్ని నెలలలోనే పక్వమై, ఇంచుమించు ఏడాదిలో ఆయువు ముగించునని చెవిరాతిలోని ఆ దినరేఖలవలన తేలినది. దాని దాయాది, 1837లో రైన్‌హార్ట్ గ్రీన్లండునుండి వర్ణించిన గ్లేసియాలే, నార్వే ఫియర్డులను లోతైన సముద్రపు పాయల చల్లనినీట ఏండ్లతరబడి మెల్లగా పెరుగును. ఆ జాతియే మధ్యధరా సముద్రమున మరింత చిన్నదిగా నిలిచిపోవును. నీటి చలియు, ఆహారపు కలిమిలేములును ఒకే వంశమువారి నింతగా వేరుచేయుచున్నవి.

అరేబియా సముద్రపు లోతులలో నిట్టి చేపలు సుమారు 10 కోట్ల టన్నులున్నవని 1984లో అంచనా వేసిన నాటినుండి, వానిని పశువుల దాణాకును ఎరువునకును పట్టవచ్చునన్న ఆశ బలపడినది. కాని ఏడాదికే తరము మారు మందకును, ఏండ్లు గడచినగాని పక్వము గాని మందకును ఒకే లెక్కతో వల వేయుట తగదు. ఏ నీటి చేప యీడు ఆ నీటి చేప చెవిరాతినుండియే చదివి, ఎంత పట్టవచ్చునో పిదప నిర్ణయింపవలెను.