ఒకే యంత్రం, రెండు గదులు

1984లో ఒకే రకం కంప్యూటరు రెండు దేశాల్లో రెండు రకాల కథ నడిపింది. దాని పేరు బీబీసీ మైక్రో. టీవీలో కంప్యూటరు పాఠాలు చెప్పడానికి బీబీసీ వాళ్ళు ఏకార్న్ కంపెనీ చేత 1981లో తయారు చేయించినది. మెమరీ 32 కిలోబైట్లు. పొద్దున్నే మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో వచ్చి పడే గుడ్‌మాణింగ్ పువ్వుల బొమ్మ ఒక్కటి కూడా అందులో పట్టదు.

కేంబ్రిడ్జిలో చదువుకుంటున్న డేవిడ్ బ్రేబెన్, ఇయాన్ బెల్ అనే ఇద్దరు కుర్రాళ్ళు ఆ యంత్రం మీద రెండేళ్ళపాటు కుస్తీ పట్టి 'ఎలైట్' అనే ఆట రాశారు. 1984 సెప్టెంబరులో అది విడుదలైంది. అప్పటివరకూ వీడియో గేమంటే మూడు ప్రాణాలు, పది నిమిషాలు, స్కోరు. మొదట చూపించిన కంపెనీ కూడా అలాగే మార్చమని చెప్పి వెనక్కి పంపింది. ఎలైట్‌లో మాత్రం స్కోరు లేదు. మన తూర్పు భాగవతంలో వేషం కట్టినవాడు తెల్లవార్లూ ఆ పాత్రగానే మాట్లాడినట్టు, ఇక్కడ మీరు ఓ ఓడ నడిపే వర్తకుడి వేషం కడతారు. చేతిలో వంద క్రెడిట్లు, ఒక చిన్న అంతరిక్ష నౌక. వ్యవసాయ గ్రహంలో తిండి సరుకు చవగ్గా కొని పారిశ్రామిక గ్రహంలో అమ్మాలి, అక్కడ యంత్రాలు కొని తిరిగి రావాలి. భీమిలి రేవులో డచ్చివాళ్ళు చేసింది ఇదే కదా! దారిలో దొంగ ఓడలు మీద పడితే కాల్చి తప్పించుకోవాలి. 'హాని చేయనివాడు' అనే హోదాతో మొదలై, 6400 ఓడలు కూల్చాక 'ఎలైట్' అనిపించుకుంటారు.

ఇంజనీరుగా నన్ను ఆపేసింది మాత్రం వేరే సంగతి. ఆ ఆటలో 8 గెలాక్సీలు, ఒక్కోదానిలో 256 నక్షత్ర మండలాలు, మొత్తం 2048. ఒక్కోదానికీ పేరు, ప్రభుత్వం, జనాభా, ధరలు ఉన్నాయి. ఇవన్నీ రాసి దాచాలంటే ఆ యంత్రంలో చోటెక్కడిది? దాచలేదు. మూడు సంఖ్యలు తీసుకున్నారు. మూడూ కూడితే నాలుగోది వస్తుంది. మొదటిది వదిలేసి, మిగిలిన మూడూ మళ్ళీ కూడాలి. అలా కూడుకుంటూ పోతే వచ్చే అంకెల్లోంచే గ్రహం పేరు, ధర పుడతాయి. ఎన్నిసార్లు చేసినా అదే వరసలో అవే గ్రహాలు. దాచుకోవలసింది ఆరు బైట్లే. మన లెక్కల మేస్టారు బోర్డు మీద వేసిన శ్రేఢులకూ దీనికీ పెద్ద తేడా లేదు. నిజానికి వాళ్ళు కోట్లకు కోట్ల గెలాక్సీలు పెడదామనుకుంటే, నమ్మేలా ఉండదని ప్రచురణకర్తలే ఎనిమిదికి తగ్గించారట.

ఇంకో కిటుకు. ఆ కంప్యూటరులో తెర మీద రంగులైనా ఎక్కువ ఉండాలి, గీతలైనా సన్నగా ఉండాలి, రెండూ కుదరవు. వీళ్ళు తెర గీస్తూండగానే మధ్యలో పద్ధతి మార్చేసి, పైభాగం సన్నగీతలతో, కిందిభాగం రంగులతో వచ్చేలా చేశారు. యంత్రం చేతికింద ఉండి, అర్ధరాత్రి దాటినా పొమ్మనేవాడు లేకపోతేనే ఇలాంటివి దొరుకుతాయి.

ఆ ఏడాదే మన కేంద్ర ప్రభుత్వం 'క్లాస్' పథకం మొదలుపెట్టి సుమారు 250 బడులకు కంప్యూటర్లు పంపింది. అవీ బీబీసీ మైక్రోలే. మన భోగాపురం దాకా అవి రాలేదు. పదో తరగతి అయ్యాక పట్నంలో నేను చేరిన చోట (పేరెందుకులెండి) చూశాను. కర్టెన్లు వేసిన చల్లటి గది, గుమ్మం దగ్గర చెప్పులు విడవాలి, వారానికొకసారి అరగంట, ఒక్కో కంప్యూటరుకి ఆరుగురం. మీట నొక్కబోతే 'పాడైపోతుంది, ముట్టుకోకు' అనేవారు. వాళ్ళ భయమూ అర్థమవుతుంది. పాడైతే బాగుచేసేవాడు చుట్టుపక్కల లేడు, ఆడిట్ వాళ్ళకు జవాబు చెప్పుకోవాలి. కాని ఆ తాళం ఖరీదు ఎవరూ లెక్కకట్టలేదు. గుడ్డ కప్పి పూజ చేసిన కంప్యూటర్లు, గుడ్డ కిందే పాతబడిపోయాయి.

ఎలైట్ మాత్రం పాతబడలేదు. తొంభైల చివర్లో ఇయాన్ బెల్ తన దగ్గరున్న ప్రతులన్నీ ఇంటర్నెట్‌లో ఉచితంగా పెట్టాడు. బ్రేబెన్ 2014లో దాని వారసుడిగా 'ఎలైట్ డేంజరస్' తెచ్చాడు. అది హంగులున్న ఆటే గాని నా ఓటు పాతదానికే. ఇటీవల ఒకాయన ఆ మూల ప్రోగ్రామునంతా వరసవారీగా విడదీసి, భాగవత పద్యాలకు రాసినట్టు టీకా తాత్పర్యాలతో అందరికీ అందుబాటులో పెట్టాడు. నేను దాన్ని రెండు నెలలపాటు రాత్రుళ్ళు చదివాను. తొమ్మిదో తరగతి లెక్కలు వచ్చిన పిల్లలకి, పక్కన ఒకరు కూర్చుంటే, గ్రహాలు పుట్టించే భాగం రెండు సాయంత్రాల్లో అర్థమవుతుంది.

స్వర్ణోత్సవం సందర్భంగా మన సంఘం బడికి ఇవ్వబోయే కంప్యూటర్ల గది గురించి కమిటీలో రెండు అభిప్రాయాలున్నాయి. బడి వేళల్లో మాత్రమే తెరవాలని కొందరు, సామాన్లు పోతాయని కొందరి దిగులు. నా మాట ఇది. సాయంత్రం అయిదు నుంచి ఏడున్నర దాకా గది తెరిచే ఉండాలి, తాళంచెవి ఇద్దరు పదో తరగతి పిల్లల దగ్గర ఉండాలి. ఆటలాడుతున్నారని ఎవరూ కసరకూడదు. మీటలు విరిగితే కొత్త కీబోర్డులకీ, అదనపు కరెంటు బిల్లుకీ అయ్యే ఖర్చు మొదటి మూడేళ్ళు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. శనివారాలు విశాఖ నుంచి నేను వస్తాను.