మాండొలిన్ శ్రీనివాసుని బాల్యశిక్షణము



పరదేశమున పుట్టిన వాద్యము మన రాగములను పలుకగలదా యను సందేహము పెద్దలకు కలుగుట సహజము. ఈ సందేహము నేటిది కాదు. గాయకుని సరసన నేడు తప్పక కూర్చుండు ఫిడేలు ఐరోపా ఖండమునుండి వచ్చినదే. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములు బాలుస్వామి దీక్షితులు దానిని దొరల పద్ధతిని నేర్చి, మన సంగీతమునకు అనువుగా మలచిరి. తరువాతి కాలమున విజయనగరమందు ద్వారం వేంకటస్వామి నాయుడుగారు దానిని ప్రధానవాద్యముగా వాయించి ప్రసిద్ధి గాంచిరి. అట్టి భాగ్యమే మన కాలమున మాండొలిన్ అను వాద్యమునకును కలిగెను. కలిగించినవాడు మూతిపై మీసమైన మొలవని బాలుడు.

ఉప్పలపు శ్రీనివాసుడు 1969వ సంవత్సరము ఫిబ్రవరి 28వ తేదీన పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లున జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్టు వాద్యకారులు. మన పాలమూరు పల్లెలలో పెండ్లి ఊరేగింపుల వెంట వచ్చు బ్యాండు మేళమున ఆ వాద్యమును మీరు వినియే యుందురు. ఆ యింట నొక మాండొలిన్ కూడ నుండెను. ఆరేండ్ల ప్రాయమున బాలుడు దానిని చేతబట్టి మీటసాగెను. తండ్రి కసరలేదు, బిడ్డ యాసక్తిని గుర్తించి, క్రొత్త వాద్యము కొనియిచ్చి, తొలిపాఠములు తానే చెప్పెను.

పిదప తండ్రికి గురువులైన రుద్రరాజు సుబ్బరాజుగారు బాలుని శిష్యునిగా గైకొనిరి. వీరు చెంబై వైద్యనాథ భాగవతారుల శిష్యులు, గాత్రజ్ఞులు. వీరికి మాండొలిన్ వాయించుట రాదు. గురువు పాడును; శిష్యుడు విని, ఆ పలుకు తీగపై ఎక్కడ దొరకునో తానే వెదకుకొనును. వ్రేలు ఎక్కడ నుంచవలెనో చెప్పువారు లేకపోవుటచే చెవియే అతనికి దారి చూపెను. చూపునకు లోపముగా తోచు ఈ విషయమే ఆ శిక్షణమునకు ప్రాణమైనది. చేతివాటము నేర్పు గురువు లభించియున్నచో ఇటలీ దేశపు బాణీయే అతని కలవడి యుండెడిది గాబోలు!

మాండొలినునకు సహజముగా నాలుగు జతలుగా ఎనిమిది తీగలుండును. వీణకువలె మెట్లు కలవుగాని, మెడ పొట్టిది. జంటతీగలను లాగి గమకము పలికించుట కష్టము. మీటిన నాదము క్షణములో ఆరిపోవును. గమకము లేని రాగము ఉప్పు లేని కూర వంటిది గదా! శ్రీనివాసుడు జంటలు విడిచి ఒంటితీగలు కట్టి, ఐదవ తీగను చేర్చి, విద్యుత్తు సాయమున నాదము నిలుచునట్లు చేసికొనెను.

1978లో గుడివాడయందు త్యాగరాజ ఆరాధనోత్సవములలో అతని తొలి కచేరీ జరిగెను. అప్పటికి తొమ్మిదేండ్లవాడు. 1981లో మద్రాసున ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై వాయించెను. విద్యుత్తుతో మ్రోగు పాశ్చాత్యవాద్యమునకు శాస్త్రీయవేదికపై తావు గలదా యని సంశయించిన రసికులకు వాదముతో పని లేకుండ ఆ వాదనమే సమాధానమైనది.

1983లో జర్మనీ దేశమున బెర్లిన్ జాజ్ ఉత్సవమునకు అతనికి పిలుపు వచ్చెను. జాజ్ అనునది అమెరికాలోని నీగ్రోజాతివారి నడుమ పుట్టి పెరిగిన సంగీతము. అందును మన మనోధర్మమువలె అప్పటికప్పుడు కల్పించి వాయించుట ప్రధానము. కావున ఆ శ్రోతలకు మన స్వరకల్పన పరాయిదిగా తోచలేదు. తరువాత శ్రీనివాసుడు జాన్ మెక్‌లాఫ్లిన్ అను గిటారు విద్వాంసునితో కూడి దేశదేశములందు వాయించెను. మైకేల్ బ్రూక్ అను కెనడా దేశీయునితో కలసి చేసిన 'డ్రీమ్' అను ధ్వనిముద్రణము 1995లో వెలువడెను. ఇట్లు ఎందరితో కూడినను అతని పలుకున గురువుగారి గాత్రము చెరగలేదు. 1998లో పద్మశ్రీ బిరుదము లభించెను. 2014 సెప్టెంబరు 19వ తేదీన, నలుబదియైదేండ్లకే, చెన్నపట్టణమున కాలధర్మము నొందెను.

పెద్దలారా! కొయ్యకును తీగకును కులము లేదు, దేశము లేదు. వాయించువాని చెవి ఎచ్చట పెరిగినదో అదియే వాద్యమునకు స్వదేశము. నేడు మన గ్రామములలోను క్లారినెట్టు నూదు పిల్లలున్నారు, కీబోర్డు మీటు పిల్లలున్నారు. విదేశపు వాద్యమని వారిని గద్దించుటకు ముందు, వారి చెంత కూర్చుండి శ్రుతిగా ఒక కీర్తన పాడి వినిపించువారిని సమకూర్చితిమా యని మనలను మనమే ప్రశ్నించుకొనవలెను. పాలకొల్లు బాలునకు మొదట లభించిన సంపద అదియే.