పరికరాల గుర్తింపు అక్షరాలు: బోధన్ చక్కెర పరిశ్రమ చరిత్రకు ఒక ఆధారం

కీలకపదాలు: నిజాం షుగర్ ఫ్యాక్టరీ, శక్కర్‌నగర్, ప్రక్రియా చిత్రం, శ్రమ చరిత్ర.

ఉపోద్ఘాతం

మంజీరా నదిపై 1923లో మొదలైన నిజాంసాగర్ నిర్మాణం 1931లో పూర్తయి, బోధన్ ప్రాంతపు చెరుకు సాగుకు ఊతమిచ్చింది. 1937లో శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. దాని చరిత్రను నీటిపారుదల, భూమి, 2002 నాటి ప్రైవేటీకరణ, 2015 నాటి మూసివేత అనే కోణాల నుంచి చెప్పడం పరిపాటి. ఇటువంటి కర్మాగారాల లోపలి పనిని తెలుసుకోవడానికి ప్రక్రియా చిత్రాలు కూడా ఆధారాలే. వాటిని చదవాలంటే వాటిలోని అక్షరాల అన్వయం తెలియాలి.

అక్షరాల అన్వయం

చిత్రంలో ప్రతి పరికరానికీ ఒక వృత్తం, అందులో కొన్ని ఆంగ్లాక్షరాలు, ఒక సంఖ్య ఉంటాయి. మొదటి అక్షరం కొలిచే రాశిని తెలుపుతుంది: ‘టి’ ఉష్ణోగ్రత, ‘పి’ పీడనం, ‘ఎల్’ మట్టం, ‘ఎఫ్’ ప్రవాహం. తరువాతి అక్షరాలు పరికరం చేసే పనిని తెలుపుతాయి: ‘ఐ’ చూపడం, ‘ఆర్’ నమోదు, ‘సి’ నియంత్రణ. కనుక ‘ఎల్‌ఐసి’ అంటే మట్టాన్ని చూపుతూ నియంత్రించే పరికరం. స్థానం మారితే అర్థం మారుతుంది: ‘టిటి’లో మొదటిది ఉష్ణోగ్రత, రెండవది ట్రాన్స్‌మీటర్. చెరుకు రసాన్ని సున్నంతో శుద్ధిచేసే చోట పీహెచ్ కొలతకు విశ్లేషణను సూచించే ‘ఎ’ వాడి, వృత్తం పక్కన పీహెచ్ అని రాస్తారు.

కాలనిర్ణయం

ఈ పద్ధతిని రూపొందించిన అమెరికా పరికర నిపుణుల సంఘం ఐఎస్ఏ 1945లో ఏర్పడింది. దాని తొలి సిఫారసు 1949లో వెలువడింది. 1984, 2009లలో ప్రమాణం సవరణ పొందింది. అందువల్ల 1937 నాటి యంత్రాలను చూపే చిత్రంలో ఈ అక్షరక్రమం పూర్తిగా కనిపిస్తే, ఆ చిత్రం తరువాత గీసినదని భావించడానికి అవకాశముంది. విడి సంక్షేపాలు అంతకుముందూ ఉండవచ్చు గనుక కాగితం, సంతకం, సవరణ తేదీలతో సరిచూడాలి. యంత్రం వయసు, చిత్రం వయసు ఒకటి కావు.

చిత్రంలో కనిపించని శ్రమ

వృత్తం మధ్య గీత లేకుంటే పరికరం యంత్రం దగ్గరే ఉందని, అడ్డగీత ఉంటే ప్రధాన ప్యానెల్‌పై ఉందని అర్థం. వేర్వేరు కాలాల చిత్రాలను పోల్చినప్పుడు ఆ గీత పనివాడు నిలబడే చోటు మారిన వైనాన్ని చెప్పగలదు. కానీ పాకాన్ని రెండు వేళ్ల మధ్య సాగదీసి చిక్కదనం నిర్ణయించడం చక్కెర పరిశ్రమలో పాత నైపుణ్యం. మన ఇళ్లలో తీగపాకం చూసే పద్ధతీ అదే. ఆ వేళ్లకు ఏ వృత్తమూ, ఏ అక్షరమూ లేవు.

ముగింపు

ప్రక్రియా చిత్రం కొలతలకు సాక్ష్యం, నైపుణ్యానికి కాదు. మూతపడిన కర్మాగారంలో పనిచేసినవారి మౌఖిక కథనాలను చిత్రాలతో జతచేసి నమోదు చేసినప్పుడే బోధన్ పారిశ్రామిక చరిత్ర సమగ్రమవుతుంది. చిత్రాలు కాగితంపై నిలుస్తాయి; ఆ జ్ఞాపకాలు మనుషులతోనే పోతాయి.