మాయమై మరల వచ్చిన వైరసు

ఒక మహమ్మారి వచ్చి పోయిన పిదప, అంతకు మున్ను ఏటేట వచ్చుచుండిన పడిశపు జ్వరములు ఏమగును? 1918లో ఈ ప్రశ్న వేయుటకే వీలులేదు. ఆనాడు ఇన్‌ఫ్లుయెంజా మన దేశమున కోటిమందికి పైగా పొట్టను బెట్టుకొన్నను, దాని కారణము వైరసని వైద్యులకు తెలియదు. 1933లో లండనులో స్మిత్, ఆండ్రూస్, లెయిడ్లా అను మువ్వురు, రోగులు పుక్కిలించి ఉమిసిన నీటిని ఫెరెట్లను ముంగిసవంటి జంతువుల ముక్కులలో వేసి ఆ వైరసును పట్టిరి. 1947లో లండనుననే ప్రపంచ ఇన్‌ఫ్లుయెంజా కేంద్రము వెలసినది. మన దేశమున ఈ కావలిపని కూనూరు పాశ్చర్ సంస్థకు అప్పగింపబడినది.

1957 మే నెలలో సింగపూరునుండి మద్రాసు రేవునకు వచ్చిన ఓడలో జ్వరపీడితులుండిరి. మరుసటి ఫిబ్రవరి నాటికి దేశమున 44 లక్షల కేసులు నమోదైనవి. అది హెచ్2ఎన్2 అను క్రొత్త వైరసు. చిత్రమేమనగా, అది రాగానే పాత హెచ్1ఎన్1 ఎక్కడను కానరాలేదు. 1968లో హెచ్3ఎన్2 రాగా హెచ్2ఎన్2 కూడ అట్లే అంతర్ధానమైనది.

1977లో చైనా, సోవియట్ యూనియనులలో హెచ్1ఎన్1 మరల తలయెత్తెను! మంచము పట్టినవారు చాలవరకు పాతికేండ్ల లోపువారే. పెద్దలు దానిని చిన్ననాడే ఎరిగియుండిరి గదా. 1950 ప్రాంతపు నమూనాలతో పోల్చగా రెండును దాదాపు ఒక్కటే. మనుష్యులలో తిరుగాడు వైరసు ఇరువదియేండ్లు మారకుండ నుండదు. ఏదో ప్రయోగశాలనుండియో, టీకా పరీక్షనుండియో వెలువడినదని పలువురి ఊహ. గుట్టు విప్పినదియు శీతలపేటికయే, అనుమానము పడినదియు దానిపైననే!

ఈ కథ నేడు మరల జ్ఞప్తికి వచ్చుచున్నది. 2020లో కోవిడ్ వ్యాపించి, జనులు ముఖమునకు గుడ్డ కట్టి, రాకపోకలు మానగా ఇన్‌ఫ్లుయెంజా మిక్కిలి సన్నగిల్లెను. అందు బి రకపు యమగాటా శాఖ ఆ సంవత్సరపు మార్చి తరువాత రూఢిగా ఎచ్చటను చిక్కలేదు. 2023 సెప్టెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు, టీకాలలో దాని అంశము ఇక అక్కరలేదనిరి. లేని వైరసును టీకాకొరకు పెంచుటలో అది మరల బయటపడు అపాయమును కొందరు ఎత్తిచూపిరి.

అయితే “కానరాలేదు” అను మాట వెదకినవారు చెప్పినపుడే చెల్లును. కోవిడ్ తొలినాళ్లలో అనేక ప్రయోగశాలలు తమ యంత్రములను, మనుషులను కోవిడ్ పరీక్షలకే మళ్లించినవి. అందువలననే, బి రకపు నమూనా దొరికినపుడు అది విక్టోరియా శాఖదో, యమగాటా శాఖదో తేల్చుట ఆ శాఖ మాయమైన పిదపగూడ మానరాని పనియైనది.