వంటింటి ధూపము: కృష్ణా మూసీ తీరసీమలో గృహశుద్ధి

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలను మూడు కొనలుగా నిలిపినచో నడుమ చిక్కు సీమయందు, నాగార్జునసాగరపు కాలువ రాకపూర్వము, ఇంటికి మంచి వాసన కలిగించు సామగ్రికై ఇల్లాలు అంగడి మెట్లెక్కవలసిన పని మిక్కిలి అరుదుగ నుండెడిది. కొట్టములో పశువు, పెరటిలో వేపచెట్టు, అటకమీద చింతపండు కుండ, పొయ్యిలో బూడిద, పోపులపెట్టెలో పసుపును ఆవాలును, గోడకు సున్నము, ఇంతమాత్రపు సంపత్తితోనే ఆ యిండ్లు తరతరములుగా శుభ్రముగ నుండెను. వీనిలో ఏది వంటకు, ఏది శుద్ధికి అని విడదీసి చెప్పుట సాధ్యము కాదు. చారు కాచగా మిగిలిన చింతపండు పిప్పియే మఱునిమిషమున ఇత్తడి బిందెను తోమును, పోపులో చిటపటలాడు ఆవాలే సాయంకాలమున నిప్పులపై ధూపమగును. దుర్గంధముపై సుగంధమును చల్లి కప్పిపుచ్చుట ఈ సీమ స్త్రీల మార్గము కాదు. తేమ, జిడ్డు, పురుగు అను మూటిని వెడలగొట్టిన పిమ్మట ఇంట మిగులు వాసనయే మంచి వాసన యని వారెంచిరి. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్రను ప్రకటించి, సామాన్యుల తిండియు బట్టయు ఆటపాటలును చరిత్రకు తగిన విషయములే యని చాటిన పిమ్మటనైనను, తెల్లవారకమున్నే మేల్కాంచి వాకిలి శుద్ధిచేసిన స్త్రీల పనిని గూర్చి మనము వ్రాసికొన్నది స్వల్పము.

ఆ పని పెండతో మొదలగును. కోడికూతవేళ కొట్టములోని పచ్చిపెండను తెచ్చి, అందలి గడ్డిపోచలనేరి, కుండెడు నీటిలో చేతితోనే కలిపి, ఊడ్చిన వాకిట ఎడమనుండి కుడికి విసరుచు సాన్పి చల్లుదురు. నీళ్ళు చిక్కనైనచో నేల కట్టకట్టును, పలుచనైనచో దుమ్మణగదు; ఆ పాకమును చేయి చెప్పవలసినదే కాని కొలత చెప్పజాలదు. ఇంటిలోపలి నేలను అలుకుటకు పెండలో ఎఱ్ఱమన్ను కలిపి, దూరపు మూలనుండి వెనుకకు జరుగుచు, అరచేతితో అర్ధచంద్రాకారపు వరుసలుగ పూయుచు, తుదకు గుమ్మమువద్ద లేచి నిలుచుందురు. తడిగానున్నంతసేపు పశువుల కొట్టపు వాసన యుండును. ఎండ సోకి ఆరిన కొలది అది పచ్చిగడ్డి వాసనగ మాఱి, మధ్యాహ్నమునకు ఇల్లంతయు ఎండిన పొలమువలె పరిమళించును. పశువునకు అరగని గడ్డిపీచు మట్టిని పట్టి బిగించును, చీమలును నల్లులును దాగు పగుళ్ళు పూడిపోవును, దుమ్ము లేవదు. అరుగుల అంచులకు జాజు, దానిపై తెల్లని ముగ్గు చేరినప్పుడు ఇది అలంకారముగ కనబడునుగాని దీనికి పునాది మట్టినేల మరమ్మతే.

వంటయింటి లోపల జరుగు శుద్ధి ఇంతకంటె సూక్ష్మమైనది. కృష్ణలోనుండియు ఊరి చెరువులోనుండియు వచ్చిన చేపలను వండిన దినమున గిన్నెలకు, కత్తిపీటకు, చేతులకు పట్టు నీచువాసన వట్టి నీటితో పోదు. ఆ వాసనకు కారణమైన అమీనులు క్షారస్వభావము గలవి; పులుపు తగిలిన తోడనే అవి ఆమ్లముతో కూడి గాలిలోనికి లేచు శక్తిని కోల్పోవును. ఈ రసాయనశాస్త్రము నెఱుగకయే స్త్రీలు చింతపండును, పిండిన నిమ్మచెక్కను చేతికెత్తుకొనిరి. రాగి, ఇత్తడి పాత్రలకు పట్టిన చిలుమును కరగించునదియు చింతపండులోని ఆమ్లమే. పిప్పికి చిటికెడు ఉప్పు చేర్చి రుద్దుచుండగ నలుపు నురుగుతో కలిసి జారి, క్రిందినుండి లోహపు కాంతి బయటపడుట చూచుటకే ఒక సంతోషము. పులుపు చేయజాలని పనిని బూడిద చేయును. కట్టెలు కాలిన బూడిదలో పొటాసియం కార్బొనేటు కలదు. అది నెయ్యి, నూనెల జిడ్డును కొంతవఱకు సబ్బుగ మార్చి కడిగివేయును. తోమిన గిన్నెలను బోర్లించి ఎండలో ఉంచుట ఈ క్రమములో చివరి మెట్టు; నా దృష్టిలో అన్నింటికంటె ముఖ్యమైనదియు అదియే, ఏలయన తడి మిగిలిన చోటనే దుర్వాసన పుట్టును.

ధాన్యమునకు సైతము శుద్ధి కావలెను. నల్లగొండ జిల్లా నీటికరవు నేలలలో ఆముదపు పైరు ప్రసిద్ధముగ నుండెడిది. కందులు పెసలు మొదలగు పప్పులకు ఆముదము పట్టించి నిలువచేయుట, జొన్నల గుమ్మిలో ఎండిన వేపాకు పొరలు పొరలుగ వేయుట ఇచటి రైతుల ఇండ్లలో పరిపాటి. పురుగుపట్టిన గింజ ముక్కవాసన ఇల్లంతయు వ్యాపించునని తెలిసిన వారికి వేపాకు కూడ పరిమళద్రవ్యమే.

ఇక సున్నము. కోదాడకు దక్షిణముగ మేళ్ళచెఱువు, మట్టపల్లి, హుజూర్‌నగర్ ప్రాంతమంతయు సున్నపురాతి నేల. ఆ రాతిని కాల్చి, నీరు పోసి పొంగించి, పండుగలకు ముందు గోడలకు పూసిన వెల్ల తెల్లదనము కొరకే గాక తేమకును బూజునకును విరుగుడుగ పనిచేసెడిది. వానకాలమున మట్టిగోడలకు పట్టు ముతక వాసన సున్నపు క్షారమునకు నిలువలేదు. ఈ రాతి సంగతి మరల వచ్చును గనుక చదువరులు గుర్తుంచుకొనవలెను.

ఇంతవఱకు చెప్పినవి ఇంటివి, పొలమువి. ధూపద్రవ్యముల కథ వేఱు; అవి దూరమునుండి వచ్చినవి, వానితో రాజులకును వర్తకులకును సంబంధము కలదు. ధూపము వేయు ఆచారము మాత్రము మిక్కిలి ప్రాచీనము. పసిబిడ్డ వస్త్రములకును పడకకును యవలు, ఆవాలు, అవిసెలు, ఇంగువ, గుగ్గులు, వస మొదలగువానిని నేతితో కలిపి ధూపము వేయవలెనని చరకసంహిత విధించినది. గాయపడిన రోగి యున్న గదిలో ఆవాలు, వేపాకు, నెయ్యి, ఉప్పు కలిపి దినమునకు రెండుసారులు పది దినములపాటు ధూపము వేయవలెనని సుశ్రుతుడు చెప్పెను. ఈ రెండు పట్టికలలోని ద్రవ్యములలో పెక్కు వంటయింటి డబ్బాలలోనివే యగుట గమనింపదగిన విషయము. మన యిండ్లలో దిష్టి తీసి ఉప్పును, ఆవాలను నిప్పులో వేయు అమ్మమ్మలకు సుశ్రుతుని పేరు తెలియకపోవచ్చును. కాని వారి చేతిలోని దినుసులు ఆయన యోగములోనివే.

సూర్యాపేటకు కూతవేటు దూరముననున్న పిల్లలమఱ్ఱియందు రేచర్ల బేతిరెడ్డి భార్యయగు ఎఱకసాని 1208లో ఎఱకేశ్వరాలయమును కట్టించెను. ఒక స్త్రీ పేర నిలిచిన ఆ గుడి నల్లరాతి స్తంభముల నడుమ నిలుచున్నప్పుడు, కాకతీయులనాడు ధూపదీపనైవేద్యములకై భూములు దానమిచ్చు సంప్రదాయము ఎంత బలవత్తరమో బోధపడును. ఆ ధూపమునకు కావలసిన కర్పూరము ఎచటనుండి వచ్చెడిది? 1244లో గణపతిదేవచక్రవర్తి సముద్రతీరమందలి మోటుపల్లిలో వేయించిన అభయశాసనము ఇందుకు సమాధానమిచ్చుచున్నది. తుపానుకు చిక్కి తీరమునకు కొట్టుకొనివచ్చిన ఓడల సరకును పూర్వరాజులు దోచుకొనుచుండగ, తాను మాత్రము ముప్పదింట నొక పాలు సుంకము తప్ప వేఱొండు గైకొననని ఆ చక్రవర్తి వర్తకులకు మాటయిచ్చెను. సుంకము పడు సరకులలో చందనము, కర్పూరము, చీనా కర్పూరము, పన్నీరు, మిరియాలు, పోకలు కలవు. ఓరుగల్లు పాలనలోని పల్లెగుడిలో వెలిగిన కర్పూరపు బిళ్ళ ఆనాడు సముద్రములు దాటి వచ్చిన వస్తువు. అందుచే అది దేవునికేగాని ఇంటి మూలకు చాలెడిది కాదు.

గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము రాజ్యమునకు ముఖ్యరేవు. అచటికి పోవు బాటలు నల్లగొండ సీమను దాటియే పోయెడివి. నేడు 65వ సంఖ్య జాతీయరహదారిగ సూర్యాపేట, కోదాడలను చీల్చుకొని పోవు హైదరాబాదు, విజయవాడ మార్గము ఆ పాత సంబంధమునకు వారసత్వమే. సుమత్రా దీవిలోను సయాము దేశమందును చెట్ల బెరడు గాటుపెట్టి తీయు సాంబ్రాణి ఇటువంటి బాటలవెంటనే లోనాటికి నడచివచ్చెను. దానికి తోడు కృష్ణకు ఆవలి నల్లమల యందు అందుగుచెట్ల బంక లభించెడిది. ఈ విధముగ పల్లెయింటి ధూపపు మూకుటిలో ద్వీపాంతరపు సాంబ్రాణియు, అడవిబంకయు, పెరటి వేపాకును ఒక్క నిప్పుపై కలిసికొన్నవి.

బాలింతలకును, తలంటిన పసిబిడ్డలకును సాంబ్రాణి పొగ వేయుట ఈ ప్రాంతమున నేటికిని కలదు. మూకుటిలో కణకణలాడు నిప్పులుంచి, నలిపిన సాంబ్రాణిని చిటికెడు చల్లి, పైన గంప బోర్లించి, దానిపై బిడ్డ బట్టలు పఱచుట పాతపద్ధతి. పొగ బట్టకు పట్టునుగాని బిడ్డ ముక్కునకు నేరుగ సోకదు. ఇది తెలిసినవారి జాగ్రత్త. కిటికీలేని గదిలో తలుపు బిగించి దట్టముగ పొగపెట్టుట పసివాని ఊపిరికి కీడు. అట్లే, నేలకు మేలుచేసిన పెండను బొడ్డుకోసిన చోట పూసిన పల్లెలలో ధనుర్వాతము శిశువుల ప్రాణములను హరించెను. పూర్వాచారమును ప్రేమించువారు ఈ దుఃఖమును కూడ చెప్పవలెను. నేలకు తగినది దేహమునకు తగునని చెప్పరాదు.

చెప్పవలసిన దుఃఖము మఱియొకటి కలదు. నిజాము పాలనలోని సూర్యాపేట తాలూకాలో దొరల గడీలు ఎంత విశాలమో వాని ముంగిళ్ళు అంత విశాలము. ఆ ముంగిళ్ళను ఊడ్చి, నీళ్ళు మోసి, సాన్పి చల్లి, అలికి, అంట్లు తోమిన చేతులు వెట్టిచాకిరి చేతులు. తమ గుడిసె వాకిలి వెలవెలబోవుచుండగ దొర వాకిటికి ముందు పోవలసిన స్త్రీల చేతులు. 1940వ దశకమున ఆంధ్రమహాసభ వెట్టి నిర్మూలనమునకై చేసిన ఆందోళనమును, దాని వెనువెంటనే ఈ సీమను కుదిపివేసిన రైతాంగ పోరాటమును చదువునప్పుడు భూమిని గూర్చిన లెక్కలే మన కంటబడును. నా మట్టుకు, తెల్లవారుజామున తన వాకిలి తానే మొదట చల్లుకొనగల స్వేచ్ఛయు ఆ పోరాటపు ఫలములలో చేర్చదగినదే యని తోచును.

అటుపిమ్మట నీరు వచ్చెను. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేసిన నాగార్జునసాగరమునుండి 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచెను. ఎడమకాలువ మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతములను తడిపి, జొన్నయు ఆముదమును పండిన నేలను రెండుకారుల వరిమాగాణిగ మార్చివేసినది. అన్నము సమృద్ధమైనది, దానితో దోమయు పెరిగినది. సందెవేళ వేపాకు, వావిలాకు పొగకు పని ఎక్కువైనది. కొన్నేండ్లకు ట్రాక్టరు దుక్కిటెద్దును కొట్టమునుండి వెడలగొట్టగా పెండ కొఱతపడెను. మిర్యాలగూడ చుట్టును బియ్యపుమిల్లులు బారులు తీరెను. ఉప్పుడు బియ్యమునకై నానబెట్టి ఆవిరి పట్టిన వడ్ల కమ్మదనమును, నానినీటి పులిసిన వాసనయు ఆ పట్టణపు గాలిలో కలిసియే యుండును. బాయిలరులలో కాలిన ఊక నల్లని బూడిదగ డాబాలపై రాలును. ఊక బూడిదలో అధికభాగము సిలికా. అది అంట్లు తోముటకు ఎంత మేలో, ఆరవేసిన బట్టలకు అంత కీడు.

సున్నపురాతి సంగతి మరల వచ్చునంటిని. మేళ్ళచెఱువు, మట్టంపల్లి వైపు సిమెంటు కర్మాగారములు వెలసి, గోడకు వెల్లగ నిలిచిన ఆ రాయియే సిమెంటుగ మాఱి ఇండ్ల నేలగ పఱచుకొనెను. సిమెంటు నేలను అలుకలేరు, అలుకనక్కఱలేదు. పెండనీళ్ళ స్థానమున తారునుండి పుట్టిన ఫినాయిలు వచ్చెను. చింతపండు స్థానమున పొడి, వేపాకు స్థానమున నాఫ్తలీను ఉండలు వచ్చెను. కర్పూరము సైతము మాఱినది: నేటి అంగడి కర్పూరములో అధికభాగము కర్పూరవృక్షమునుండి గాక సరళవృక్షపు బంకనుండి తీసిన టర్పెంటైను తైలముతో కర్మాగారమందు తయారగునది.

మార్పునంతయు నిందించుట న్యాయము కాదు. చీకటితో లేచి మోకాళ్ళపై కూర్చుండి ఇల్లంతయు అలికిన తల్లులలో తమ బిడ్డలకు ఆ నడుమునొప్పి రావలెనని కోరినవారెవ్వరు? అయినను గది మూసి, సువాసన ద్రవమును పిచికారి కొట్టి, తేమను అట్లే ఉంచుకొనుటకంటె, ఉప్పును పసుపును కలిపిన నీటితో నేల తుడిచి కిటికీ తెఱచుట, నకిరేకల్లు సంతనుండి వచ్చిన నిమ్మకాయల తొక్కలను పాఱవేయక లవంగములతో మరిగించి ఆవిరిని వంటింట వదలుట, వంటసోడాను చిన్నగిన్నెలో ఉంచి పులిసిన వాసన పట్టిన అలమరలో పెట్టుట మేలైన పనులే. వంటసోడా పులుపును అణచును, చింతపండు నీచును అణచును; ఏ వాసన ఏ జాతిదో ముందు తెలిసికొని తగిన దినుసును ఎన్నుకొనుటలోనే పాతతరపు నేర్పు ఉన్నది.

పసుపు విషయమున మాత్రము ఒక చిత్రము జరుగుచున్నది. పసుపులోని తైలములు చీమలను, చిన్నపురుగులను దరిజేరనీయవు గనుక కొయ్యగడపకు శుక్రవారము శుక్రవారము పసుపు పూయుటలో పూజయు ప్రయోజనమును కూడియుండెను. ఇప్పుడు సూర్యాపేట కొత్త కాలనీలలో గడపలకు పసుపుపచ్చని నూనెరంగు వేసి, ఎఱ్ఱబొట్లు చిత్రించి శాశ్వతముగ ముగించుచున్నారు. రంగు కంటికి పసుపే, చీమకు కాదు. ఈ సంగతి తెలిసిన గృహిణులు ఆ రంగుమీదనే మరల తడిపసుపు రాయుచున్నారు.